మూడడుగుల నీళ్లు

పోయిన వారం మీరు నన్ను నీళ్లలోనే వదిలేసి పోయారు. కరీంనగర్ ఈత కొలనులో, పిల్లలు దిగే మూడడుగుల లోతు వైపు. తలకు చెవులు నొక్కేసే రబ్బరు టోపీ, కళ్లకు గాగుల్స్, నడుముకు మా వాడకట్టులో ఎవరూ చూడకూడని పొట్టి చెడ్డీ. వయసు నలభై నాలుగు. మూడు నెలలు తిప్పలు పడ్డాక ఆ పొద్దున మొదటిసారి ఫ్రీస్టైల్‌లో కుడిపక్కకు తల తిప్పి, నీళ్లు మింగకుండా, నిండుగా ఒక ఊపిరి తీసుకున్నాను. తీసుకుంటూనే చూశాను. గట్టు మీద చీపురు పట్టుకుని నవీన నిలబడి ఉంది.

పోయిన వారం భాగం అక్కడ ఆపాను. నిజం చెప్పాలంటే ఆ తర్వాతది రాయడానికి చెయ్యి రాక ఆపాను.

కొత్తగా చదివేవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. నా పేరు రాజేశం. సిరిసిల్లలో సాంచెలు నడుపుతాను. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. నవీన నా సోపతిగాడు పరశురాములు భార్య. వాడూ నేనూ పక్కపక్క సాంచెల మీద పదహారేళ్లు పని చేశాం. మూడేళ్ల కింద ఒక ఆదివారం పరశురాములు మానేరు వాగులో మునిగి చనిపోయాడు. అప్పుడు వాడి పక్కన ఉన్నది నేనొక్కణ్ణే. నేను దూకాననీ, నడి వాగు దాకా ఈదాననీ, వాడి అంగీ చేతికి అందినట్టే అంది జారిపోయిందనీ ఊరంతా చెప్పుకుంది. ఊరికి చెప్పింది నేనే. మా నేత కార్మికుల సంఘం వాళ్లు పిలిచి శాలువా కప్పారు. నవీన అన్నా అని పిలిచి రాఖీ కట్టింది, ఏటా కడుతూనే ఉంది. పోయిన రాఖీ పండగనాడు ఆమె బిడ్డ భవ్యశ్రీ నా పక్కన కూర్చుని, "మామా, నాకు ఈత నేర్పవా? నీళ్లను చూస్తే బుగులు అయితుంది" అని అడిగింది. ఎండాకాలం సెలవుల్లో నేర్పుతానని మాటిచ్చాను.

నాకు ఈత రాదు. అప్పుడూ రాదు, అంతకుముందూ రాదు.

అందుకే ఫిబ్రవరి నుంచి వారానికి మూడు రోజులు తొలి బస్సుకు కరీంనగర్ పోతున్నాను. ఇంట్లో మా ఆమెకు నడుంనొప్పికి దవాఖానలో కరెంటు పెట్టించుకుంటున్నానని చెప్పాను. ఆమె పాపం రోజూ రాత్రి నా నడుముకు నూనె రాస్తుంది. నవీన మొగుడు పోయాక తల్లిగారి ఊరు జమ్మికుంట వెళ్లి పత్తి మిల్లులో పనికి కుదిరింది కాబట్టి కరీంనగర్‌లో నన్ను ఎరిగినవాళ్లు ఉండరనుకున్నాను. ఎండాకాలం పత్తి మిల్లులు మూతపడతాయన్న ముచ్చట నా మట్టి బుర్రకు తట్టలేదు.

సరే. ఆమెను చూడగానే నేను ఏం చేశానో చెప్తాను, నవ్వుకోండి. మళ్లీ ముఖం నీళ్లలో పెట్టేశాను. అలాగే కిక్కు కొట్టుకుంటూ అవతలి గోడకు పోయి, అటు నుంచి బయటపడదామనుకున్నాను. నాలుగు చేతులు కూడా వేయలేదు. భయానికి పాత అలవాటు తిరిగొచ్చింది. ఊదాల్సిన చోట పీల్చాను. ముక్కులోకి, నోట్లోకి నీళ్లు పోయి దగ్గుకుంటూ లేచి నిలబడ్డాను. నీళ్లు నా నడుం దాకా ఉన్నాయి.

ఈ పీల్చే రోగం నాకు ఎలా వచ్చిందో చెప్పాలి. మా సాంచె మీద అటూ ఇటూ ఉరికే నాడెలో దారం చుట్టిన కండె అయిపోయినప్పుడల్లా కొత్త కండె పెట్టి, దారం కొసను నాడె కన్ను దగ్గర ఆనించి, నోటితో ఒక్క పీల్పు పీలుస్తాం. దారం కన్నులోంచి నోట్లోకి వస్తుంది. దాన్ని పట్టుకుని లాగి నాడెను మళ్లీ వేస్తాం. రోజుకు కొన్ని వందలసార్లు, ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. పెదవులకు ఏది తగిలినా నా నోరు లోపలికే లాగుతుంది. ఫ్రీస్టైల్‌కేమో ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ గాలి బయటికి ఊదుతూ ఉండాలి, తల తిప్పినప్పుడే తీసుకోవాలి. మాకు నేర్పే మమతారాణికి ఇరవై ఆరేళ్లుంటాయి. నెల రోజులు "అంకుల్, పీల్చొద్దు, ఊదాలె" అని గొంతు చించుకుంది. చివరికి విసుగొచ్చి తన విజిలు నా చేతికిచ్చి "ఊదుండ్రి" అంది. నేను పీల్చాను. విజిలు పీల్చిన మనిషిని పుట్టి బుద్ధెరిగాక చూడలేదని కొలనంతా వినబడేలా అంది. అప్పుడు నా పని ఏమిటో అడిగి తెలుసుకుని, ఆ తర్వాత నుంచి కోప్పడలేదు. రోజూ గోడ పట్టించి యాభైసార్లు నీళ్లలోకి ఊదించేది.

ఇక నవీన దగ్గరికి వద్దాం. పోలిక పట్టకుండా టోపీ, గాగుల్స్ కాపాడతాయేమో అనుకున్నాను. అవేం కాపాడలేదు.

"అన్నా! రాజేశమన్నా! నువ్వేనా?"

కోపం లేదు, అనుమానం లేదు. ముఖమంతా నవ్వు. అదే నన్ను చంపింది.

"ఈడ పనిల చేరి నాలుగు రోజులాయె అన్నా. మిల్లు బందయింది. బిడ్డ పదో తరగతి పాసయింది గద, గిక్కడనే కాలేజీల ఏద్దామని రూము కూడ దీస్కున్నం. నీకు ఫోను జేద్దామనుకుంటనే ఉన్న. నువ్వు గిక్కడ నేర్పనీకె వస్తున్నవా? సిరిసిల్ల నుంచి రోజు వస్తున్నవా?"

నేర్పడానికి అనుకుంది. నేను ఔననలేదు, కాదనలేదు. తల ఒకసారి ఎటో ఊపాను. ఇది గుర్తుపెట్టుకోండి. అప్పటికింకా చెప్పుకునే వీలుంది. నోరు తెరిచి "కాదు నవీనా, నేర్చుకుంటున్న" అంటే సగం పరువైనా మిగిలేది. గీ ఒక్కపూట గడిచిపోతే చాలు అనుకుని ఊరుకున్నాను.

నా పక్కన గోడ పట్టుకుని రాజలింగు ఉన్నాడు. బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైన మనిషి. మోకాళ్లు అరిగాయని డాక్టరు నీళ్లలో నడవమన్నాడు. నాతోపాటే చేరాడు. మనసులో మాట కడుపులో ఆగదు, అందరూ తన ఇంటివాళ్లే అనుకునే రకం.

"ఏందమ్మా, గీయిన నీకు ఎరుకనా?" అన్నాడు.

"ఎరుకనా అంటవేంది తాతా? నా అన్న. మస్తు ఈతగాడు. మా ఆయన మునిగిననాడు నిండు మానేరుల దూకిండు. జానెడు దూరంల తప్పిపోయిండు, లేకుంటే తెచ్చేటోడే."

ఆమె ఆ మాట గర్వంగా అంది. పక్క లేనులో ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి నన్ను చూశారు. రాజలింగు కూడా చూశాడు. నేను కళ్లతో వద్దని బతిమాలాను, కానీ గాగుల్స్‌లోంచి బతిమాలితే ఎవరికి కనబడుతుంది?

రాజలింగు పకపకా నవ్వాడు. పాపం, ఆయన తప్పేం లేదు. ఎవరో పరాచికం ఆడుతున్నారనుకున్నాడు.

"ఈతగాడా? గీ రాజేశమా? అమ్మా, నువ్వు మంచిగనే చెప్తివి. ఫిబ్రవరిల వచ్చిననాడు ముఖం నీళ్లల్ల పెట్టుమంటే గజగజ వణికిండు. నెల దాక గోడ ఇడిస్తే ఒట్టు. బకీట్ల నీళ్లు చూసినా భయమే తమ్మునికి. పుట్టినకాడికెల్లి ఎన్నడు నీళ్లల్ల దిగలే అని ఫారం మీద రాసిచ్చిండు, నేను పక్కపొంటి ఉంటి గద. ఇయ్యాలనే, గిప్పుడే, మొదటిసారి సక్కగ ఊపిరి దీసిండు. అవునా కాదా అడుగు ఆ పిల్లను."

మమతారాణి కూడా అటు నుంచి బొటనవేలు ఎత్తి చూపించింది. "సూపర్ అంకుల్! ఇయ్యాల వచ్చింది మీకు!"

నవీన ముఖం మీది నవ్వు ఒకేసారి పోలేదు. ముందు అర్థంకానట్టు రాజలింగును చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత నా నడుం దాకా ఉన్న నీళ్లను చూసింది. నేను ఎంతకూ కాదనకపోయేసరికి ఆ నవ్వు పూర్తిగా పోయింది. రాజలింగుకు అప్పుడు తెలిసింది ఏదో తేడా వచ్చిందని. "అయ్యో, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అని గొణిగి, గోడ పట్టుకుని మెల్లగా అవతలికి జరిగాడు.

"బయటికి రా అన్నా" అంది నవీన.

రావాలంటే తువ్వాల కావాలి. అది ఆమె వెనక కడ్డీ మీద ఉంది. ఇంత జరిగాక కూడా నాకు మొదట వచ్చిన సిగ్గు చెడ్డీ గురించే. "జర ఆ తువ్వాల ఇయ్యి" అన్నాను. ఆమె ముఖం అటు తిప్పుకుని, చెయ్యి వెనక్కి చాపి ఇచ్చింది. చుట్టుకుని ఆమె వెనకే నడిచాను. మోటారు గది పక్కన రెండు మెట్లున్నాయి. పై మెట్టు మీద చీపురు పెట్టి ఆమె నిలబడింది. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను.

"ఆ తాత చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"ఎన్నడు రాదా? అప్పుడు కూడ?"

"రాదు."

"నువ్వు తడిసి ఉంటివి గద అన్నా. నేను ఉరుక్కుంట వచ్చేటాలకు తలకాయ కెల్లి నీళ్లు కారవట్టె. నా కండ్లతోని చూసిన. ఈత రాకున్నా దూకినవా మరి?"

చూడండి, ఆ స్థితిలో కూడా ఆమె నాకు దారి ఇస్తోంది. ఈత రాకపోయినా దూకాడంటే ఇంకా పెద్ద మొనగాణ్ని అయిపోతాను. ఔనంటే అక్కడితో అయిపోయేది. నా నాలుక మీదికి ఆ ఔను వచ్చింది కూడా. మూడేళ్లుగా అలాగే బతికాను, అలవాటు పడ్డ నోరు. కానీ లోపలికి లాగి లాగి కడుపు నిండిపోయింది. ఇక పట్టలేదు.

"దూకలే. తడుపుకున్న."

"ఏందీ?"

"నేనే తడుపుకున్న నవీనా."

చెప్పాను. ఆ ఆదివారం కరెంటు బందని సాంచెలు ఆగాయి. మానేరు నిండి మత్తడి దూకుతోందంటే ఇద్దరం చూడబోయాం. వాడి చెప్పు నీళ్లలో పడింది. వంగి అందుకోబోయి పాకురు మీద జారాడు. నాలుగు బారల దూరంలో తేలాడు. నేను రేవు మెట్లు దిగాను. నీళ్లు మోకాళ్లు దాటాయి, తొడలు దాటాయి, బొడ్డు దగ్గరికి వచ్చాయి. మూడడుగులు ఉంటాయేమో. అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి. ఎంత ప్రయత్నించినా కదల్లేదు. వాడు మునిగాడు, తేలాడు, మళ్లీ మునిగాడు. తర్వాత తేలలేదు. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను. ఇంతలో రోడ్డు మీద నుంచి మనుషుల అరుపులు వినబడ్డాయి. ఎవరో ఉరికొస్తున్నారు. నన్ను నేను చూసుకున్నాను. నడుం పైన అంగీ పొడిగా ఉంది, తల పొడిగా ఉంది. అప్పుడు నా కాళ్లు కదిలాయి. ఆ మూడడుగుల నీళ్లలోనే కూర్చుని, ముక్కు మూసుకుని, తల ముంచి లేచాను.

"నా కొంగుతోని తుడిసిన" అంది నవీన.

ఆమె చెయ్యి కొంగు దగ్గరికి పోయింది.

"ఆయన ఇంక దొరకనే లే. జాలరోళ్లు వలలు ఏస్తున్నరు. నేనేమో నీకు సర్ది జేస్తదని నా కొంగుతోని నీ తలకాయ తుడుసుకుంట కూసున్న. అన్న వణుకుతుండు, చాయ తేండ్రి అని అందరి మీద ఒర్లిన. గుర్తున్నదా?"

గుర్తుంది. ఆ చాయ్ తాగాను కూడా. నా బతుకులో అంత సిగ్గుమాలిన పని ఇంకొకటి లేదు. శాలువాలు, రాఖీలు అన్నీ తర్వాతి మాట. ఆమె చీర కొంగు కింద తల వంచుకుని కూర్చున్న ఆ పది నిమిషాలే నాకు ఇప్పటికీ కళ్లు మూస్తే కనబడతాయి.

"ఈత రానోడు దూకకుంటే తప్పేమున్నదే?" ఆమె గొంతు పెద్దదైంది. కొలను వైపు నుంచి ఒకరిద్దరు చూశారు. ఆమె లెక్కచేయలేదు. "నేను నిన్ను ఏమన్న అంటుంటినా? ఒక్కడు పోయిండు, ఇంకొకడు మిగిలిండు, ఆ ఇంటి దీపమన్న ఉన్నదని దండం పెట్టుకుందును. తలకాయ ఎందుకు తడుపుకున్నవ్? నన్నెందుకు గింత పిచ్చిదాన్ని జేసినవ్?"

"సిగ్గుకు" అన్నాను. "సిగ్గయి తడుపుకున్న."

"మూడు రాఖీలు కట్టిన నీకు."

"ఇప్పుమంటే ఇప్పేస్త" అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో అన్నాకే తెలిసింది. పోయిన ఏడు కట్టిన రాఖీ ఎప్పుడో పీలికలై తెగిపోయింది. నా చేతికి ఏమీ లేదు. ఆమె నా మణికట్టును చూసి, ఛీ అన్నట్టు తల తిప్పుకుంది.

నేను లేచి ఆమె కాళ్లు పట్టుకుందామనుకున్నాను. తువ్వాల జారుతుందేమోనని అది కూడా చేయలేకపోయాను.

అప్పుడు ఆమె పై మెట్టు మీద కూర్చుంది. గొంతు మళ్లీ చిన్నదైంది. నాకు భయం వేసింది ఆ చిన్న గొంతుకే.

"అంగీ చేతికి అందుడు?"

"అబద్ధం."

"మరి ఆయన ఆఖరి మాట?"

ఇదొకటి ఉంది. మీకు కూడా ఇంతవరకు చెప్పలేదు. పదకొండో రోజు దాకా నవీన ముద్ద ముట్టలేదు. అందరూ బతిమాలారు. నేను పోయి, వాడు మునిగే ముందు ఒక మాట అన్నాడని చెప్పాను. 'బిడ్డను సదివియ్యుమను నవీనను' అన్నాడని. ఆమె ఏడ్చి, లేచి, ముఖం కడుక్కుని అన్నం తిన్నది. నేను మంచి పని చేశాననే అనుకున్నాను. ఒక్క అబద్ధమైనా పనికొచ్చిందనుకున్నాను.

"మా అత్త నా బిడ్డ ముందర బీడీల చాట పెట్టింది అన్నా. చదువెందుకు, చేతులున్నయి గద, ఆకు కత్తిరించుమన్నది. నేను ఆమెతోని కొట్లాడిన. మీ కొడుకు ఆఖరి మాట ఇది, పానం పోయేటప్పుడు అన్న మాట, దాటితే ఆయన ఆత్మకు శాంతి ఉండదన్న. ఇల్లు ఇడిసిపెట్టి వచ్చిన. మిల్లుల పత్తి దూది ముక్కులకు పోయి దగ్గు పట్టినా, ఈడ మంది కాళ్ల నీళ్లు ఊడుస్తున్నా, అన్నిటికి నాకు ఆ ఒక్క మాటనే." ఆమె ఆగింది. "అది జెప్పు. అదన్న అన్నడా?"

నేను కొలను వైపు చూశాను. మమతారాణి పిల్లల బ్యాచిని వరసగా గోడకు నిలబెట్టి ఊదిస్తోంది. అందరి ముఖాలు నీళ్లలో, అందరి ముందూ బుడగలు. ఔనను, ఒక్కసారి ఔనను అని నా లోపల ఒకడు మొత్తుకుంటున్నాడు. ఈ ఒక్కటి మిగలనియ్యి, ఆమె కోసం. ఆమె కోసమేనా? అన్నీ ఆమె కోసమే అనుకుంటూనే కదా చేశాను.

"అనలే" అన్నాను.

నవీన ఏడవలేదు. అరవలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అరచేతులు చూసుకుంది. ఫినాయిలుకు తెల్లబడి ఉన్నాయి.

"మరి మా బాపు ఏమన్నడు?"

ఆ గొంతు నవీనది కాదు. మోటారు గది మూల దగ్గర భవ్యశ్రీ నిలబడి ఉంది. అమ్మకు తిండి తెచ్చినట్టుంది, చేతిలో టిఫిన్ డబ్బా. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. ముఖం చూస్తే చాలాసేపటి నుంచి ఉందని తెలుస్తోంది. పోయిన రాఖీకి కన్నా పొడుగైంది. కళ్లు అచ్చం వాడివే.

"బిడ్డా, నువ్వు రూముకు పో" అంది నవీన.

"పోను. చెప్పు మామా. బాపు ఏమన్నడు?"

ఇంకా మామా అనే పిలిచింది. అలవాటు కొద్దీ అందో, కావాలని అందో నాకు తెలియదు.

"నన్ను పిలిచిండు" అన్నాను. "రాజేశం అని. రెండుసార్లు. గంతే బిడ్డా, ఇంకేమనలే."

ఆమె తల ఊపింది. లెక్క చేసేటప్పుడు పిల్లలు ఊపినట్టు, మెల్లగా, మనసులో ఏదో కూడుకుంటున్నట్టు. తర్వాత అడిగింది.

"నువ్వు ఏమన్నవ్?"

మూడేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. పోలీసులు అడగలేదు, సంఘం వాళ్లు అడగలేదు, మా ఆమె అడగలేదు. దూకావా, అందాడా, ఏమన్నాడు అని అడిగారు. వాడు పిలిస్తే నేనేమన్నానో అడగాలని ఎవరికీ తోచలేదు. పదిహేనేళ్ల పిల్లకు తోచింది.

ఊరికే నిలబడి చూశానని ఇందాక నవీనకు చెప్పాను, మీకూ అదే చెప్పాను. అది కూడా అబద్ధమే. వాడు రెండోసారి పిలిచినప్పుడు, ఆ మూడడుగుల నీళ్లలో నిలబడి నేనొక మాట అన్నాను. వాడికి వినబడేంత గట్టిగా అన్నాను. అప్పటిదాకా నా వైపే చాపుతున్న చెయ్యిని వాడు దించింది ఆ మాట విన్నాకే.

భవ్యశ్రీ టిఫిన్ డబ్బా మెట్టు మీద పెట్టి, నాకు ఎదురుగా తడి గచ్చు మీద కూర్చుంది.

"చెప్పు" అంది.